మూడు కొటేషన్ల గుమాస్తా

కొత్తగా ఆఫీసు ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఎవరైనా కనిపిస్తే, మీ దగ్గర కొనుగోళ్ళు ఎవరు చూస్తారని అడుగుతాను. వాళ్ళు నవ్వుతారు. రిటైరైన ముసలాయనకి బిల్లుల మీద మమకారం ఇంకా చావలేదనుకుంటారు. అనుకోనివ్వండి. నేను అడిగేది మమకారంతో కాదు, భయంతో. ఆ కొనుగోళ్ళు చూసేది నాలాంటివాడైతే వాడికి ఈ కథ ఎవరైనా చదివి వినిపించాలి.

ఒడిశాలోని రాయగడలో ఒక నర్సింగ్ స్కూల్లో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. గుమాస్తాగా చేరి హెడ్ క్లర్కుగా దిగిపోయాను. హెడ్ క్లర్కుని ఒడియాలో బొడొబాబు, అంటే పెద్దబాబు, అంటారు. ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి హాస్టల్ వంటామె దాకా అందరూ అలాగే పిలిచేవాళ్ళు. ఆ పిలుపు వినీ వినీ నేను నిజంగానే పెద్దవాణ్ణనుకున్నాను. సర్వీసు చివరి నాలుగు నెలల్లో ఆ భ్రమ వదిలింది.

మా వాళ్ళు మూడు తరాల కిందట పార్వతీపురం వైపు నుంచి క్రైస్తవ మిషను పనుల మీద ఇటు వచ్చారు. తాత బడిపంతులు, నాన్న ఆసుపత్రిలో కాంపౌండరు. ఆస్తులు లేవు గాని మన ఇంట్లో నిజాయితీ ఉందిరా అనేవాడు మా నాన్న. ఆ నిజాయితీ నా చేతికి వచ్చేసరికి మూడు కొటేషన్లుగా మారింది.

తెలియనివాళ్ళకి చెప్తాను. ఆఫీసులో ఏ వస్తువు కొనాలన్నా మూడు దుకాణాల నుంచి ధర రాయించుకోవాలి. తక్కువ రాసినవాడి దగ్గర కొనాలి. ఇది నియమం. మా వైపు నడిచే ఆచారం వేరు. దుకాణదారుడే మూడు కాగితాలూ తెచ్చి బల్ల మీద పెడతాడు. ఒకటి తనది, ఒకటి బావమరిదిది, మూడోది ఎప్పుడో మూతబడ్డ దుకాణానిది. మూడింటి మీదా ఒకటే చేతిరాత, ఒకటే అక్షర దోషాలు. అన్ని ఆఫీసుల్లోనూ ఇలాగే సాగిపోతుంటే నేను మాత్రం ససేమిరా అనేవాణ్ణి. నిజంగా మూడు ఊళ్ళలో మూడు దుకాణాలకి, సీలు కవర్లో ధర పంపమని ఉత్తరాలు రాసేవాణ్ణి. బదులు రాకపోతే ఒకటో రిమైండరు, అప్పటికీ రాకపోతే రెండో రిమైండరు. చీపురుకట్టలు కొన్నా ఇదే తంతు. చీపుర్లు వచ్చేలోగా వరండా నిండా చెత్త పేరుకుపోయేది. అయినా పద్ధతి ప్రకారం పేరుకుంది కదా అని నాకు తృప్తిగా ఉండేది.

దసరా సెలవులు అయిపోగానే పరీక్షలు నడిపే సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ఈసారి ఆఖరి సంవత్సరం పరీక్షలు కంప్యూటర్ల మీదే. మా స్కూలు సెంటరుగా ఉండాలంటే ముప్పై కంప్యూటర్లు ఉండాలి. ఒక్కోదానిలో ఇప్పుడున్న మెమొరీ సరిపోదు, రెట్టింపు చెయ్యాలి. క్రిస్మస్‌కి ముందు ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. ముప్పైలో ఒక్కటి తగ్గినా పిల్లలంతా బరంపురం వెళ్ళి రాయాలి.

మా కంప్యూటర్ టీచరమ్మది బొబ్బిలి. వయసులో మా ఆఖరి అమ్మాయి ఈడు. చర్చిలో మా కుటుంబం పక్క బెంచీలోనే కూర్చుంటుంది కాబట్టి ఆఫీసులో కూడా నన్ను బాబాయ్ గారనే పిలిచేది. ఉత్తరం చదివిన అరగంటలో నా బల్ల ముందుకి వచ్చి నిలబడింది.

"బాబాయ్ గారూ, మిషనుకొక ర్యామ్ చొప్పున ముప్పై ముక్కలు సాలు. ఇవాళే ఆర్డరు పెట్టీయండి. రోజురోజుకీ రేట్లు పెరిగిపోతన్నాయి."

ర్యామ్ అంటే కంప్యూటరు లోపల గుచ్చే సన్నటి పలక. నా వేలంత పొడుగుంటుంది. అంతకు మించి దాని గురించి నాకప్పుడు తెలీదు, ఇప్పటికీ తెలీదు.

"ఎందుకమ్మీ పెరగడం? ఉప్పా, పప్పా?"

"ఎక్కడో దూరదేశాల్లో మనిషిలాగ మాటాడే యంత్రాలు కడతన్నారట. ఉన్న ముక్కలన్నీ ఆటికే తోలీసుకుంటన్నారు. మనలాంటోళ్ళకి అడుగూ బొడుగూ మిగుల్తాది. ఫోను సేస్తే రేపటికి పెట్టె వచ్చేస్తాది బాబాయ్ గారూ."

"పద్ధతని ఒకటుంటాది గదమ్మీ. మూడు కొటేషన్లు రావాల."

ఆ పిల్ల "అవొచ్చేసరికి నాకు పెళ్ళైపోద్ది" అని వెళ్ళిపోయింది.

నేను అదే రోజు రాయగడలో ఒక దుకాణానికి, కోరాపుట్‌లో ఒకదానికి, జయపురంలో ఒకదానికి ఉత్తరాలు టైపు చేశాను. నా ఉత్తరాలకి ఒక తీరుంది. సంఖ్యని అంకెల్లో రాసి, పక్కన బ్రాకెట్లో అక్షరాలా ముప్పై మాత్రమే అని రాస్తాను. అతి జరూరు అన్న మాట కింద స్కేలు పెట్టి రెండు గీతలు గీస్తాను. ఈ నమూనా బాగుందని చాలా ఆఫీసుల వాళ్ళు కాపీ తీసుకెళ్ళారు. కోరాపుట్‌లో ఒక కాలేజీ హెడ్ క్లర్కైతే, పరీక్షల డ్యూటీలో కలిసినప్పుడు నా దగ్గర కూర్చుని మరీ రాసుకున్నాడు. ఆ రోజు నాకు ఎంత గర్వంగా అనిపించిందో.

కొటేషన్లు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. అప్పుడు ఒక్కో ముక్క ధర రెండు కిలోల మటన్ ధరంత ఉంది. ఇక కొనుగోళ్ళ కమిటీ కూర్చోవాలి. కమిటీ అంటే ప్రిన్సిపాల్ మేడమ్, మేట్రన్, నేను. ముగ్గురం ఒకే వరండాలో, పిలిస్తే పలికేంత దూరంలో పనిచేస్తాం. కానీ కమిటీ కూర్చోవడం వేరు సంగతి. మేడమ్ భువనేశ్వర్ వెళ్ళారు. ఆవిడ వచ్చేసరికి మేట్రన్‌కి జ్వరం. జ్వరం తగ్గేసరికి హాస్టల్లో కొత్త పిల్లలకి నర్సు టోపీలు పెట్టే పండుగ. అన్నీ అయ్యి కవర్లు చింపేసరికి ఆ ధరల గడువు ముందు రోజే దాటిపోయింది. ఒక్కరోజే కదా అన్నారు మేట్రన్. ఒక్కరోజైనా గడువు గడువే అన్నాను. మేడమ్ నా వైపు మెచ్చుకోలుగా చూశారు.

మళ్ళీ ఉత్తరాలు రాశాను. రెండోసారి వచ్చిన ధరకి ఒక మేకపిల్ల వస్తుంది. ఇది అన్యాయమని, పోటీ పెరిగితే ధర దిగుతుందని వాదించి, గుణుపూర్, పార్వతీపురం, విజయనగరం దుకాణాలకి కూడా రాయించాను. రిమైండర్లు కూడా పంపాను. మూడోసారి వచ్చిన ధరకి మేకే వస్తుంది. అంత పెట్టి కొనలేమంది కమిటీ. పోటీ పెంచినకొద్దీ ధర ఎందుకు పెరుగుతోందో నాకు అర్థం కాలేదు. ఆర్థికశాస్త్రం చదువుకోలేదు కదా అని సరిపెట్టుకున్నాను.

ఈ రోజుల్లోనే ఒక పిల్ల నా కిటికీ దగ్గరికి రావడం మొదలైంది. వాళ్ళది రామనగుడ, తండ్రి వ్యవసాయం. కిందటిసారి, ఆగస్టులో, ఆఖరి పరీక్షల వేళకి నిండు నెలలతో ఉండి రాయలేకపోయింది. నియమం ప్రకారం ఆ పిల్లకి మిగిలింది ఈ ఒక్క అవకాశమే. ఇప్పుడు చంకలో రెండు నెలల మగబిడ్డ. స్కూలు వెనక వీధిలో గది తీసుకుని తల్లిని తోడుంచుకుంది. పొద్దున్న పాలిచ్చి వస్తుంది, మధ్యాహ్నం పరుగున వెళ్ళి పాలిచ్చి మళ్ళీ క్లాసుకి వస్తుంది.

"సార్, సెంటరు ఇక్కడే ఉంటాదా సార్?"

"ఉంటాదమ్మీ. ఎందుకంత బెంగ?"

"బరంపురమైతే పన్నెండు రోజులుండాల గద సార్. హాస్టల్లో బిడ్డల్ని రానీరట. ఈణ్ణి మాయమ్మ కాడ ఒదిలీసి ఎల్లాల. ఈడు నా పాలు తప్ప సుక్క నీలు ముట్టడు. అందుకే అడుగుతన్నాను."

"నేనున్నాను కదా, పద్ధతి ప్రకారం అన్నీ జరుగుతన్నాయి" అని చెప్పాను. వారానికోసారి వచ్చి అదే అడిగేది. వారానికోసారి నేను అదే చెప్పేవాణ్ణి.

నవంబరు మధ్యలో స్టేషన్ రోడ్డు దుకాణం ఆయన నన్ను దారిలో ఆపాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"బొడొబాబూ, మీరు కాయితాలు రాస్తూ కూకుంటే అయ్యే పని కాదు. ఎవడో పెద్ద పార్టీ దిగేడట. కోరాపుట్ నుంచి గుణుపూర్ దాకా మనుషుల్ని పెట్టి సరుకంతా లాగీస్తన్నాడు. జయపురం హోల్‌సేల్ ఆయనే చెప్పేడు. నా కాడ ఆరు ముక్కలున్నాయి. రేపటికి ఇవీ ఉండవు."

ఎవడో కనిపించని ఆసామి మా పిల్లల నోటికాడ కూడు లాక్కుంటున్నట్టు అనిపించింది. అప్పుడు నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. కొటేషన్ల అవసరం లేకుండా, అత్యవసర ఖర్చు కింద చిన్న చిన్న వస్తువులు కొనే వెసులుబాటు ఒకటుంది. ఆ ఆరు ముక్కల్నీ ఆ పరిమితి దాటకుండా రెండేసి చొప్పున విడగొట్టి, మూడు బిల్లులుగా కొన్నాను. ఇంకెవరైనా ఇలా చేస్తే నేనే వాళ్ళకి మెమో టైపు చేసేవాణ్ణి. ముక్కల్ని గుడ్డలో చుట్టి నా వెనకున్న బీరువాలో, పాత హాజరు రిజిస్టర్ల కింద, కలరా ఉండల మధ్య పెట్టి తాళం వేశాను. కమిటీకి చెప్పలేదు. మిగతా ఇరవై నాలుగూ దొరికాక ఏదో విధంగా కలిపేయొచ్చులే అనుకున్నాను.

ఆ ఇరవై నాలుగు దొరికే దారి కనపడలేదు. ఆఖరికి నేనే జయపురం వెళ్ళి హోల్‌సేల్ ఆయన కాళ్ళో గడ్డమో పట్టుకుందామని పొద్దున్నే బస్సెక్కాను. లక్ష్మీపూర్ ఘాటీలో చలికి వణుకుతూ, ఆ పెద్ద పార్టీ ఎవడో ఎదురుపడితే ఏమనాలో నాలుగు మాటలు కూర్చుకున్నాను. నాలుగూ మంచి మాటలు కావు.

హోల్‌సేల్ ఆయన కొట్టు మెయిన్ రోడ్డు వెనక సందులో ఉంది. లోపల బెంచీ మీద ఒకాయన ముందే కూర్చుని ఉన్నాడు. చూద్దును కదా, నా దగ్గర ఉత్తరం నమూనా రాసుకెళ్ళిన కోరాపుట్ కాలేజీ హెడ్ క్లర్కు. వాళ్ళ ముత్తాత జయపురం సంస్థానంలో కచేరీ గుమాస్తా. ఈ సంగతి ఆయన పరిచయమైన మొదటి ఐదు నిమిషాల్లో చెప్తాడు, తర్వాత గంటకోసారి గుర్తు చేస్తాడు. వాళ్ళ కాలేజీకీ అదే ఉత్తరం, అవే ముప్పై కంప్యూటర్లు.

"మీరూ వచ్చేరా? ఈ పెద్ద పార్టీ ఎవడో గాని మనల్ని సంపీసేడండీ" అన్నాడు.

హోల్‌సేల్ ఆయన మెత్తటి మనిషి. నుదుట గంధం, నోట తీపి మాట. ఇద్దరికీ టీ తెప్పించాడు. ధర మాత్రం మేకని దాటి ఆవు దగ్గర ఆగింది. ఇదేం ధరండీ అని నేను గొంతు పెంచాను. ఆయన నొచ్చుకోలేదు.

"నా సేతుల్లో ఏటుంది బాబూ? గిరాకీ అలగుంది. దసరా ముందు ఈ ముక్క అడిగినోడు ఒక్కడూ నేడు. ఒక్కసారే ఊరూరా పోటెత్తినారు. నేను విశాపట్నం ఎల్లి ఉన్నకాడికి మొత్తం తెచ్చి గొడౌన్లో పెట్టేను. నమ్మకం నేకపోతే సూసుకోండి." అంటూ ఒక ఫైలు తెచ్చి మా ముందు పెట్టాడు.

ఆ ఫైల్లో నలభై కాగితాల దాకా ఉన్నాయి. దుకాణాల వాళ్ళు తమ గిరాకీ ఎవరో ఈయనకి తెలిస్తే నేరుగా అమ్మేసుకుంటాడని భయపడి, పైన ఆఫీసు పేరూ కింద సంతకమూ కత్తిరించి, మధ్య భాగం మాత్రం జిరాక్స్ తీసి పంపారు. మొదటి కాగితం చూశాను. 30, బ్రాకెట్లో అక్షరాలా ముప్పై మాత్రమే. అతి జరూరు కింద రెండు గీతలు. రెండోది చూశాను. అదే. ఐదోది ఒకటో రిమైండరు. తొమ్మిదోది రెండో రిమైండరు. రాయగడ నుంచి నేనే, గుణుపూర్ నుంచి నేనే, పార్వతీపురం నుంచి నేనే.

"ఎవరండీ ఈయన?" అని అడిగాను.

"అదే తెలీడం నేదు బాబూ. పేరు కోసీసి పంపుతన్నారు. ఎవడో గాని గట్టోడు. అన్ని ఊళ్ళనుంచీ ఒకటే రాత, ఒకటే గీతలు. వారం వారం అడిగిస్తన్నాడు. ప్రతిసారీ ముప్పయ్యే. లెక్కేసుకుంటే వెయ్యి ముక్కలు దాటిపోనాది. అలాంటోడు దిగినప్పుడు రేటు పెంచక నేనేటి సేస్తాను, మీరే సెప్పండి?"

కాలేజీ ఆయన కూడా కాగితాలు తిరగేశాడు. సగం నావి. మిగతా సగం ఆయనవి, నా నమూనా చూసి అక్షరం పొల్లుపోకుండా రాసినవి. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పెద్ద పార్టీకి మర్యాదగా టీ ఇప్పించినందుకు ఆయనకి దండం పెట్టి బయటపడ్డాం.

సందు చివర టీకొట్టు దగ్గర నిలబడి కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాం. నవ్వడం అయ్యాక ఆకలేసింది. గారెలు తింటూ అసలు సంగతి మాట్లాడుకున్నాం. మనకి నిజంగా కావలసింది ముప్పై, ముప్పై, మొత్తం అరవై. బజారులో మనం పుట్టించింది వెయ్యి. ఉత్తరం రాసే ముందు ఈయన నాకో, నేను ఈయనకో ఒక్క ఫోను చేసుకుని ఉంటే, దుకాణం వాణ్ణి సరుకు ఎక్కణ్ణుంచి తెస్తావని ఒక్క మాట అడిగి ఉంటే, కథ ఇక్కడిదాకా వచ్చేది కాదు. ఆరు దుకాణాలూ ఒకే కొట్టు గుమ్మంలో నిలబడి సరుకు అడుగుతాయని, ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నాకు తట్టనే లేదు.

కాలేజీ ఆయన గారె ముక్క నములుతూ నములుతూ ఆగాడు.

"బొడొబాబూ, మీకో మాట సెప్తాను. ఎవరితోనూ అనకండి. నాక్కావలసింది ముప్పై. భయమేసి అక్కడా ఇక్కడా నలభై ఐదు కొనీసేను. అయినా భయం తీరక ఇవాళ ఇక్కడికీ వచ్చేను. పదిహేను నా బీరువాలో మూలుగుతన్నాయి. మీ బస్సు కోరాపుట్ మీంచే కదా, దిగి పట్టుకెళ్ళిపోండి. పరీక్షలయ్యేక తిరిగిద్దురు."

"ఇండెంటూ, రసీదూ?"

"మీ ఇంట్లో పంచదార అయిపోతే పక్కింటోళ్ళని అడగరా? ఇండెంటు రాస్తారా?" అన్నాడు. తర్వాత ఊరికే అడిగినట్టు అడిగాడు. "మీ కాడ ఏవీ నేవా?"

"నేవు" అన్నాను.

ఎందుకన్నానంటే, నేను మూడు కొటేషన్ల మనిషిని. ఈ కాలేజీ ఆయన దాచాడంటే నమ్ముతారు, నేను దాచానంటే నా ముప్పై నాలుగేళ్ళూ ఏమవుతాయి? పైగా పెన్షను కాగితాలు కదులుతున్నాయి. విడగొట్టిన బిల్లులు ఎవరి కంటైనా పడితే అవి అక్కడే ఆగిపోతాయి. ఇన్ని కారణాలు ఆ ఒక్క క్షణంలో నాకు తట్టాయి. ముత్తాత గొప్ప చెప్పుకునే ఆ మనిషి తన తప్పు గారె తింటూ ఒప్పేసుకున్నాడు. నేను ఒప్పుకోలేదు.

మర్నాడు ఇద్దరం అన్ని దుకాణాలకీ, మాకు ఇక సరుకు అక్కర్లేదని రాసేశాం. నా జీవితంలో నేను రాసిన అతి చిన్న ఉత్తరాలవి. పెద్ద పార్టీ ఒక్క దెబ్బకి చచ్చిపోయింది. నాలుగు రోజులకి స్టేషన్ రోడ్డు ఆయన ఫోను చేసి, ఏటి బొడొబాబూ, వద్దా, కొంచెం తగ్గిస్తానన్నాడు. వారానికి ఇంకొంచెం తగ్గిస్తానన్నాడు. ఆవు మళ్ళీ మేకైంది. మేకపిల్ల దాకా మాత్రం దిగలేదు, ఆ దూరదేశపు యంత్రాల ఆకలి తీరలేదు కదా. ఈసారి కమిటీ వాళ్ళు మేక ధరకే కొనెయ్యండి అన్నారు. కానీ ఏ ధరకైనా ఇప్పుడు కొనాలంటే మూడు కొటేషన్లు కావాలి. అవి తెప్పిస్తే పెద్ద పార్టీ మళ్ళీ లేచి కూర్చుంటుంది. మేడమ్ తల పట్టుకున్నారు.

ఈలోగా టీచరమ్మ స్క్రూడ్రైవరు పట్టుకుని ఆఫీసు గదులన్నీ తిరిగింది. ప్రిన్సిపాల్ గారి కంప్యూటర్లో కావలసినదానికి నాలుగింతల మెమొరీ ఉంది. ఆవిడ దాని మీద చేసేది పుట్టినరోజు శుభాకాంక్షల బొమ్మలు చూడటం. మేట్రన్‌ది కవరు కూడా విప్పలేదు. నాదాంట్లో రెండు ముక్కలుంటే ఒకటి పీకేసింది. ఉత్తరాలు రాయడానికి ఒకటి చాలులెండి, ఇంకా ఎక్కువైతే ప్రమాదం అంది. అన్నీ కలిపి తొమ్మిది తేలాయి. కాలేజీ ఆయనవి పదిహేను. మొత్తం ఇరవై నాలుగు.

ఇంకా ఆరు కావాలి.

టీచరమ్మ ఆ మాట అన్నప్పుడు నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. వెనక బీరువా ఉంది. తాళంచెవి జేబులో ఉంది. రేపు తీద్దాం అనుకున్నాను. మర్నాడు పెన్షను ఆఫీసు నుంచి ఏదో ప్రశ్న వచ్చింది, ఇది సద్దుమణిగాక తీద్దాం అనుకున్నాను. ఇన్‌స్పెక్షను ఇంకా రెండు వారాలుంది కదా, ఆఖర్న తీస్తే సరిపోతుంది అనుకున్నాను. ధర ఎక్కాక అమ్ముదామని గొడౌన్‌లో సరుకు పెట్టుకున్నవాడిని నేను మనసులో నానా మాటలూ అన్నాను. నేనూ అదే పని చేస్తున్నానని, కాకపోతే లాభానికి కాకుండా పరువుకి చేస్తున్నానని అప్పుడు తెలియలేదు.

మేడమ్ నన్ను పిలిచారు. "బొడొబాబు, చివరి నిమిషంలో పిల్లలు ఇబ్బంది పడకూడదు. సెంటరు బరంపురం అయ్యే అవకాశముంది, అందరూ ఏర్పాట్లు చేసుకోండని నోటీసు పెట్టించండి" అన్నారు. సరేనన్నాను. టైపు చేసి, రెండు కాపీలు తీసి, ఒకటి నోటీసు బోర్డుకి, ఒకటి హాస్టల్ గోడకి అంటించాను. రామనగుడ పిల్ల ఆ సాయంత్రం బోర్డు ముందు నిలబడి చదవడం కిటికీలోంచి చూశాను. ఆ తర్వాత కిటికీ దగ్గరికి రాలేదు. అడగడానికి ఇంకేమీ లేదు కదా.

ఇన్‌స్పెక్షను రోజు పొద్దున్న ఏడింటికే ఆఫీసు తెరిచాను. బీరువా తీసి, ఆరు ముక్కల్నీ పాత కొరియరు కవర్లో వేసి, ల్యాబుకి పట్టుకెళ్ళాను.

"అమ్మీ, తెలిసినాయన పొద్దున్న బస్సుకి పంపేడు. ఎలగో సంపాదించేను" అన్నాను.

టీచరమ్మ కవరు అందుకుంది. ఒకసారి ముక్కుకి దగ్గరగా పెట్టుకుంది.

"బస్సుకి వచ్చిందంటన్నారు, కలరా ఉండల వాసనేస్తందేటి బాబాయ్ గారూ?"

జవాబు కోసం ఆగకుండా ఆ పిల్ల స్క్రూడ్రైవరు తీసుకుని పనిలో పడింది. ఆ రోజు నుంచి నన్ను బాబాయ్ గారు అనడం మానేసి సార్ అనడం మొదలుపెట్టింది.

ఇన్‌స్పెక్టరు పదకొండింటికి వచ్చాడు. ల్యాబులో ఐదు నిమిషాలు ఉన్నాడు. ముప్పై తెరలూ వెలుగుతున్నాయా లేదా అని వేలితో లెక్కపెట్టాడు. మెమొరీ సంగతి ఎత్తలేదు. ఇసక బకెట్లు ఎక్కడున్నాయని అడిగి, రెండే ఉన్నాయేమని మందలించి, మూడో బకెట్టు వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. భోజనంలో చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకుని సెంటరు మంజూరు చేశాడు.

జనవరిలో పరీక్షలు మా ల్యాబులోనే సజావుగా జరిగాయి. ముప్పై కంప్యూటర్లలో ఒక్కటి కూడా ఆగలేదు. పరీక్షలయ్యాక పదిహేను ముక్కలూ కోరాపుట్ వెళ్ళిపోయాయి, ఇండెంటు లేకుండానే. అదే నెలాఖరున నా రిటైర్మెంటు. సభ పెట్టి శాలువా కప్పారు. సెంటరు చేజారిపోతుంటే ఎక్కడెక్కడో తిరిగి ఆఖరి ఆరు ముక్కలూ సంపాదించి పిల్లల్ని కాపాడిన మనిషని మేడమ్ పొగిడారు. అందరూ చప్పట్లు కొట్టారు. టీచరమ్మ వెనక వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సభ అయ్యాక వరండాలో రామనగుడ పిల్ల నా కోసం నిలబడి ఉంది. పరీక్షలు బాగా రాశానని చెప్పి కాళ్ళకి దండం పెట్టింది. చంకలో బిడ్డ రాగం అందుకున్నాడు. ఆ పిల్ల సంచిలోంచి పాల సీసా తీసింది.

"సీసా ఎందుకమ్మీ? మేట్రన్ గారి గది ఖాళీగానే ఉంది. లోపలికెళ్ళి పాలివ్వు" అన్నాను.

"తాగడు సార్" అంది నవ్వుతూనే. "బరంపురమని నోటీసు సూసేను గద, ఆ రోజు నుంచే పాలు మాన్పించీసేను. ఎల్లేలోగా డబ్బా పాలు అలవాటవ్వాల గదా. నాలుగు రోజులు ఏడ్సేడు, నేనూ ఏడ్సేను. తర్వాత సెంటరు ఇక్కడేనన్నారు. మల్లీ పట్టించి సూసేను, పట్టుకోడు. నాకూ పాలు ఇంకిపోనాయి." బిడ్డ నోటికి సీసా అందించి, నా మొహం చూసి, నన్నే ఓదార్చినట్టు అంది. "పర్నేదు సార్. మీరు ఆ ఆరు ముక్కలు తేకపోతే నా పరీచ్చే పోయీది. మీ మేలు మర్సిపోను."

శాలువా భుజం మీంచి జారితే ఆ పిల్లే సర్ది కప్పింది. ఆ నోటీసు టైపు చేస్తున్నంతసేపూ ఆరు ముక్కలూ నా వీపు వెనకే ఉన్నాయి. ఆ మాట ఆ రోజు చెప్పలేకపోయాను. ఇవాళ రాస్తున్నాను.